బెల్‌హేవెన్ టపా గది

సంచీ మూతి విప్పి, అడుగు భాగాన్ని రెండు చేతులా పట్టుకుని షెహజాది ఒక్క దులుపు దులిపింది. ఉత్తరాలు బల్ల మీదికి జారి కుప్పపడ్డాయి. తాడుకు అవతల నిలబడ్డ బడిపిల్లలు నోళ్ళు తెరిచారు.

"ఇప్పుడు మొట్టమొదట చెయ్యాల్సిన పనేమిటో చెప్పండి," అంది ఇంగ్లీషులో.

"చదవడం!" అన్నాడు ముందు వరసలో ఒక కుర్రాడు.

"చదవడం తర్వాత. ముందు అన్నిటి ముఖాలూ ఒకవైపు తిప్పాలి."

ఆమె వేళ్ళు కుప్పలోకి దిగాయి. తలకిందులైంది, బోర్లా పడ్డది, అడ్డం తిరిగింది, ఏదైనా సరే, ఆమె చేతిలోంచి బయటికొచ్చేసరికి స్టాంపు పైన కుడిమూలన ఉండేది. దొంతిని బల్లకేసి తట్టి సరిచేసి, పిడి ఉన్న ఇనప ముద్ర అందుకుంది. సిరా దిండు మీద ఒకటి, స్టాంపు మీద ఒకటి. టప్, టప్. రాణిగారి బొమ్మ మీద ఊరిపేరూ తేదీ నల్లగా పడుతూ పోయాయి. తర్వాత దొంతిని ఎడమ ముంజేతి మీద ఆనించుకుని గూళ్ళ ముందు నిలబడింది. గోడ పొడవునా చెక్క గూళ్ళు. ఒక్కో గూటి కింద ఊరిపేరు చెక్కిన ఇత్తడి రేకు. బొటనవేలు ఉత్తరాన్ని ముందుకు తోస్తుంది, కన్ను ఊరిపేరు అందుకుంటుంది, కుడిచెయ్యి విసురుతుంది. ఆ విసిరింది గూట్లో పడేలోపే కన్ను తర్వాతి ఉత్తరం మీద ఉంటుంది.

"గూళ్ళవైపు చూడకుండా ఎలా వేస్తున్నారు?" అంది ఒక పిల్ల.

"మీ ఇంట్లో చీకట్లో లైటు స్విచ్చి నొక్కుతావు కదా, ఎలా నొక్కుతావు? ఇదీ అంతే."

విక్టోరియా రాణి కాలంలో కట్టిన పోస్టాఫీసు అది. ఎర్రటి ఇటుక గోడలు, నెత్తిన గడియారపు గోపురం. ఇప్పుడు ఊరి మ్యూజియం. ఆ కాలంలో టపా ఎలా విడదీసేవారో వచ్చినవాళ్ళకు చేసి చూపించడం షెహజాది పని. గుంటూరు ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే టపా ఆఫీసులో, సిడ్నీకి బయల్దేరే ముందు నెల దాకా ఆమె చేసిన ఉద్యోగం అచ్చంగా ఇదే. అక్కడ చెమటలు కక్కుతూ చేసిన పనిని ఇక్కడ తాడు కట్టి, టికెట్టు పెట్టి చూపిస్తారని మొదటిరోజు తెలిసి, ఇంటికెళ్ళి పడీ పడీ నవ్వింది. వేషం కూడా కుదిరింది. మెడ దాకా గుండీలున్న తెల్ల జాకెట్టు, మణికట్టు దాకా చేతులు, నేలను రాసే నల్ల పరికిణీ, జుట్టంతా కప్పే టోపీ. పరికిణీ అంచు తనే మడిచి కుట్టుకుంది.

పిల్లలు వెళ్ళిపోయాక, టీ తాగే గదిలోకి రమ్మని లిండా కబురు పెట్టింది.

లిండా మ్యూజియం మేనేజరు. పెళ్ళిళ్ళూ పార్టీలూ ఏర్పాటు చేసే కంపెనీలోంచి ఈ ఏడే వచ్చింది. గదిలో రాన్ ముసలాయన కూడా ఉన్నాడు. ఒకప్పుడు ఇదే పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనవాడు. ఉత్తరాల కట్టలు కట్టడం, లక్క ముద్ర వెయ్యడం ఆయన చూపిస్తాడు. ఆయనా షెహజాదీ రోజూ ఒకే బల్ల దగ్గర టీ తాగుతారు.

"శుక్రవారం మంత్రిగారు వస్తున్నారు. టీవీ వాళ్ళొస్తున్నారు," అంది లిండా. "ఫెడరేషన్ శతాబ్ది సంబరాలు, మన దేశం ఒకటై నూరేళ్ళ పండగ, మన జిల్లాలో మన దగ్గరే మొదలు. అందుకని పోస్ట్‌మిస్ట్రెస్ వేషానికి ట్రేసీ అనే అమ్మాయిని తీసుకున్నాం. నాటకాల్లో చేసిందట."

షెహజాదికి సరిగా వినబడలేదేమో అనిపించింది. "మరి నేను?"

"నువ్వు వెనక గదిలో ఉంటావు. సంచులు నింపి అందించాలిగా. ఈ లోపల ట్రేసీకి పనంతా నేర్పాలి. నీకంటే బాగా ఎవరు నేర్పగలరు చెప్పు?"

"నేర్పగలిగినదాన్ని నేనే చెయ్యకూడదా?"

లిండా కప్పు కిందపెట్టి, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు తల పక్కకు వంచింది. "చూడు షెజ్, ఇది నీ పనితనం గురించి కాదు. నీ పని అంటే మాకందరికీ ఇష్టం. కాకపోతే మ్యూజియం కమిటీ వాళ్ళు ఏమంటున్నారంటే, ఆ రోజుల్లో ఎలా ఉండేదో అచ్చం అలాగే చూపించాలని. ఒక్క రోజు సంగతే కదా."

షెహజాది రాన్ వైపు చూసింది. ఆయన టీ కప్పులోకి చూస్తున్నాడు. అందులో టీ లేదు.

"గైడు ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. అది నాదేనన్నారు."

"అదంతా సంబరం అయ్యాక చూద్దాం," అంటూ లిండా లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "నువ్వు అర్థం చేసుకుంటావని నాకు తెలుసు," అని నవ్వి వెళ్ళిపోయింది.

రాన్ పెరట్లోకి నడిచి సిగరెట్టు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. షెహజాది ఆయన వెనకే వెళ్ళింది. ఎండ పేల్చేస్తోంది. జాకరండా పూలు రాలి నేలంతా ఊదారంగుగా ఉంది.

"నువ్వేమీ అనలేదేం రాన్?"

"నేను జీతం లేకుండా వచ్చి పనిచేసేవాణ్ణి, అమ్మాయ్. నా మాట ఎవరు వింటారు?"

"వినకపోతే వినకపోయారు. అనొచ్చుగా?"

ఆయన కాగితం అంచు నాలుకతో తడిపాడు. "యూనియన్‌లో ఉన్నన్నాళ్ళూ అన్నాను. అనీ అనీ గొంతు పోయింది. ఇప్పుడు పొద్దున్నే వచ్చి నాలుగు కట్టలు కట్టుకుంటే చాలు నాకు."

లిండా మీదకన్నా ఆయన మీదే ఎక్కువ మండింది షెహజాదికి. లిండా ఎలాంటిదో ఆమెకు మొదటినుంచీ తెలుసు. రాన్ అలాంటివాడు కాదనుకుంది.

క్వేకర్స్ హిల్‌లో రైలు దిగి ఇంటికి నడిచేసరికి మొగుడు నిస్సార్ అహ్మద్ వంటింటి బల్ల ముందు ఫోను పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఉద్యోగాల ఏజెంటు లైన్లో పెట్టి మర్చిపోయినట్టున్నాడు, ఫోన్లో పాట వస్తోంది. కంప్యూటర్లలో వైటూకే పని ముగిసింది, దాని వెనకాలే వచ్చిన జీఎస్టీ మార్పులూ ముగిశాయి. కోబాల్ ప్రోగ్రాములు రాయడం వచ్చినవాళ్ళను నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్న కంపెనీలు ఇప్పుడు ఫోనెత్తడం లేదు.

"అమ్మీ!" అంటూ అఫీఫా ఎదురొచ్చింది. మూడో తరగతి. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే. "గెస్ వాట్! అవర్ క్లాస్ ఈజ్ కమింగ్ ఆన్ ఫ్రైడే! ఐ టోల్డ్ ఎవ్రీవన్ యూ ఆర్ ది పోస్ట్‌మిస్ట్రెస్!"

షెహజాది చెప్పులు విప్పుతూ అలాగే వంగి ఉండిపోయింది. తర్వాత పాపను బయట సైకిలు తొక్కుకోమని పంపి, మొగుడికి జరిగింది చెప్పింది.

నిస్సార్ ఫోను పెట్టేశాడు. "ఇప్పుడేం చేద్దామని?"

"ఏం చెయ్యాలో తెలిస్తే మీకెందుకు చెప్తానండీ? ఆ కమిటీ వాళ్ళని కడిగి పారెయ్యాలనుంది."

"సర్దుకుపో షెహజాదీ. ఒక్కరోజంట గదా. నాకు ఏదో ఒకటి దొరికిందాకా అయినా..."

"మీరు సర్దుకోలా? మీ సీట్లో కూర్చోబోయేవాడికి మీ చేతే పని నేర్పిచ్చుకుని పంపిచ్చారు. ఒక్క మాటన్నా అన్నారా? ఏమొచ్చింది సర్దుకుంటే?"

అనకూడని మాట అన్నానని అన్నాక తెలిసింది. నిస్సార్ లేచి వెనక తలుపు తీసుకుని, తీగె మీద ఆరిన బట్టలు తియ్యడానికి వెళ్ళాడు. ఒక్కో క్లిప్పూ తీసి బుట్టలో వేస్తుంటే ఆమె కిటికీలోంచి చూస్తూ నిలబడింది. క్షమించమని అడగాలనిపించింది. కోపం అడగనివ్వలేదు.

మర్నాడు ట్రేసీ వచ్చింది. ఎర్రజుట్టు, చెంపల నిండా మచ్చలు, ఇరవై దాటి ఉంటాయేమో. వచ్చీ రాగానే, "నాకు ఇందులో ఏమీ తెలియదు. అన్నీ మొదటినుంచీ చెప్పాలి సుమా," అంది. షెహజాది ముఖం ముడుచుకునే ఉంది కానీ సరిగ్గానే నేర్పాలనుకుంది. పని దగ్గర పేచీ పెట్టుకునే అలవాటు ఆమెకు లేదు. సంచీ ఎలా దులపాలో, ఉత్తరాలు ఎలా తిప్పాలో చూపించింది. ట్రేసీ చేతులు గ్రహిస్తున్నాయి కూడా.

అప్పుడు లిండా నల్ల పరికిణీ, తెల్ల జాకెట్టు చేతి మీద వేసుకుని వచ్చింది.

"షెజ్, ఇది ట్రేసీకి నడుం దగ్గర వదులవుతుంది. కాస్త కుచ్చు పట్టి కుట్టేస్తావా? నీకు కుట్టు బాగా వచ్చుగా."

ట్రేసీ అక్కడే పరికిణీ తొడుక్కుంది. షెహజాది నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తను మడిచి కుట్టుకున్న అంచు కళ్ళముందు వేలాడుతోంది. నడుం దగ్గర గుడ్డ పట్టి ఒక్కో సూదీ గుచ్చుతుంటే చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. ఎవరైనా ఆ క్షణాన ఒక్క మంచిమాట చెప్పినా సూది వాళ్ళ చేతిలో దిగి ఉండేది.

"ఒకటడగనా?" అంది పైనుంచి ట్రేసీ. "ఏ ఉత్తరం ఏ గూట్లో వెయ్యాలో ఎలా తెలుస్తుంది?"

షెహజాది నోట్లోంచి ఆఖరి సూది తీసింది. "రంగు చూసి," అంది.

"రంగు చూసా?"

"కవరు రంగు. తెల్లవి పై వరసలో. లేతపసుపువి మధ్యలో. గోధుమరంగువి అన్నిటికన్నా కింద. ఇక్కడ రంగును బట్టే విడదీస్తారు."

"మరి గూళ్ళ కింద ఈ ఊళ్ళ పేర్లు?"

"అవి తర్వాతెప్పుడో పెట్టినవి. ఆ రోజుల్లో అందరికీ చదువేదీ?"

ట్రేసీ అవునన్నట్టు తలూపింది. ఆ తలూపడంతో షెహజాది లోపల ఏదో కట్లు తెంచుకుంది. ముద్ర ఎక్కడ వెయ్యాలి? పేరు మీద, సరిగ్గా మధ్యలో, సిరా బాగా అంటేట్టు. కట్ట ఎలా కట్టాలి? దారం ఒక చుట్టు చుట్టి వదులుగా ఒక ముడి. పైన ఊరిపేరు చీటీ అక్కర్లేదు. అడిగినకొద్దీ చెప్పింది. మర్నాడూ, ఆ మర్నాడూ దగ్గరుండి చేయించింది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని చెయ్యగలిగేదాకా చేయించింది. మంత్రి ముందు, టీవీ ముందు, ఊరందరి ముందు ఆ ప్రదర్శన నవ్వులపాలు కావాలి. అచ్చం అలాగే చూపించాలన్న కమిటీ వాళ్ళ ముఖాలు మాడిపోవాలి. రాత్రి పడుకుంటే అదే కళ్ళముందు ఆడేది.

గురువారం సాయంత్రం ట్రేసీ ఆమెను స్టేషను దాకా కారులో దింపింది. "ఈ పని నిలబడితే అమ్మావాళ్ళింట్లోంచి బయటపడతాను," అంది స్టీరింగు మీద వేళ్ళు ఆడిస్తూ. "చాలా ఓపిగ్గా నేర్పావు షెజ్. థాంక్స్."

షెహజాది కారు దిగి తలుపు కాస్త గట్టిగానే వేసింది. ఇప్పుడైనా చెప్పొచ్చు, కారింకా కదల్లేదు. చెప్పలేదు.

శుక్రవారం మ్యూజియం కళకళలాడింది. గుమ్మానికి జెండాలు, వరండాలో స్కోన్ రొట్టెలు, జామ్. అఫీఫా తరగతి టపా గదిలో ముందు వరసలో నేలమీద కూర్చుంది. వాళ్ళ వెనక మంత్రి, కమిటీ పెద్దలు, కెమెరాలు. షెహజాది తన సల్వార్ కమీజులోనే, తలమీద చున్నీతో, వెనక గది తలుపు సందులోంచి చూస్తోంది. అఫీఫా మెడ సాచి అమ్మ కోసం వెతుకుతోంది.

ట్రేసీ సంచీ దులిపింది. బాగానే దులిపింది. ఉత్తరాలు తిప్పింది. తర్వాత ముద్ర ఎత్తి, పేరు మీద, సరిగ్గా మధ్యలో దభీమని కొట్టింది. పేరూ ఊరూ సిరాలో మునిగిపోయాయి. ఒకటి కాదు, దొంతి దొంతంతా.

షెహజాది నవ్వుల కోసం చెవి ఒగ్గింది. ఎవరూ నవ్వలేదు.

"ఆ రోజుల్లో," అని ట్రేసీ మంచి గొంతుతో అందుకుంది, "చదువు వచ్చినవాళ్ళు తక్కువ. అందుకని ఉత్తరాలను కవరు రంగును బట్టి విడదీసేవాళ్ళు. తెల్లవి పై వరసలో. లేతపసుపువి మధ్యలో. గోధుమరంగువి అన్నిటికన్నా కింద."

రాన్‌కు పొలమారింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మంత్రి మాత్రం పక్కనున్న కమిటీ అధ్యక్షుడివైపు వంగి, "ఎంత ఆసక్తికరంగా ఉందో!" అన్నాడు. అధ్యక్షుడు తనకెప్పటినుంచో తెలిసినట్టు తలాడించాడు. కెమెరా ట్రేసీ ముఖం మీదే ఉంది. ఆమె చేతులమీదికి ఒక్కసారి కూడా దిగలేదు. వదులు ముడి జారి కట్ట బల్లమీద విడిపోయింది, ట్రేసీ నవ్వుతూ మళ్ళీ పోగుచేసింది, జనం ఇంకా ముచ్చటపడ్డారు. అందరూ కలిసి చప్పట్లు కొట్టారు. లిండా చేతులు నెత్తిమీదికెత్తి మరీ కొట్టింది.

షెహజాది తలుపు మూసి గోడకు ఆనుకుంది. రోజుల తరబడి పెంచుకున్న కోపానికి కాళ్ళకింద నేల లేకుండా పోయింది. ఆ రోజుల్లో ఎలా ఉండేదో వీళ్ళలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. చూపించమన్నది పనిని కానే కాదు. ఒక ముఖం కావాలి. అది దొరికింది. దాని కింద చేతులు ఏం చేసినా ఫరవాలేదు.

తలుపు తోసుకుని అఫీఫా వచ్చింది. ముఖమంతా ఎర్రబడి ఉంది.

"అమ్మీ, షీ డిడ్ ఇట్ ఆల్ రాంగ్! పేరు మీద కొట్టింది," అంది, ఆవేశంలో తెలుగులోకి దిగి. "హౌ విల్ ది లెటర్ గో?"

"పోదు."

"మీరు నేర్పలేదా?"

"నేనే అట్టా నేర్పాను."

అఫీఫా కళ్ళు పెద్దవయ్యాయి. "వై?"

"కోపమొచ్చి. ఆ పని నన్ను చెయ్యనీలేదు. లిండా మీద కోపమొచ్చి నేర్పాను."

"బట్ దట్ లేడీ ఈజ్ నాట్ లిండా," అంది. బయట టీచరు పిలుస్తోంటే పరుగెత్తింది.

మధ్యాహ్నం ఊళ్ళోవాళ్ళ కోసం రెండో ప్రదర్శన ఉంది. ట్రేసీ పెరట్లో టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని శాండ్‌విచ్ తింటోంది. షెహజాది ఎదురుగా వెళ్ళి నిలబడింది. కూర్చుంటే చెప్పలేననిపించింది.

"నేను నీకు తప్పు నేర్పాను ట్రేసీ. అంతా తప్పే. రంగు, ముద్ర, ముడి. కావాలనే చేశాను."

ట్రేసీ నమలడం ఆపింది. మొదట నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "ఎందుకు?"

"ఆ వేషం నాది. నా రూపం పనికిరాదని నీకిచ్చారు. దాన్ని నీ నడుముకు సరిపడేలా కుట్టే పని కూడా నా చేతే చేయించారు."

"అది నాకు ఎవరు చెప్పారు?" ట్రేసీ లేచి నిలబడింది. "నువ్వు గైడువని కూడా నాకు చెప్పలేదు వాళ్ళు. వాళ్ళ మీద కోపమైతే వాళ్ళని అడగాలి! అందరిముందూ నన్ను వెర్రిదాన్ని చేస్తావా? టీవీలో వస్తుంది. మా అమ్మ చూస్తుంది."

"ఎవరికీ తెలియలేదు."

"ఇప్పుడు నాకు తెలిసిందిగా."

షెహజాది తల దించుకుంది. ఈ ఊళ్ళో ఎవరి ముందైనా ఆమె తల దించడం అదే మొదలు. "తప్పు చేశాను," అంది. "నిన్ను అనాల్సింది లేదు. నన్నేమన్నా అను."

ట్రేసీ మిగిలిన శాండ్‌విచ్ కాగితంలో విసురుగా చుట్టింది. "ఇంకా టైముంది. సరైంది చూపించు."

ఇద్దరూ ఖాళీ టపా గదిలోకి వెళ్ళారు. స్టాంపు అంచు తగిలేలా ముద్ర ఎలా వెయ్యాలో, దారం అడ్డం నిలువూ తిప్పి, లాగితే ఊడేలా ముడి ఎలా వెయ్యాలో షెహజాది మళ్ళీ మొదటినుంచి చూపించింది. ట్రేసీ పళ్ళు బిగబట్టి చేసుకుంటూ పోయింది. గూళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆగింది. "ఇది ఒక పూటలో వచ్చేది కాదు."

"రాదు," అంది షెహజాది. "అది నేను చేస్తాను."

"లిండా ఒప్పుకుందా?"

"అడగలేదు."

రెండో ప్రదర్శనకు తాడు అవతల ఊరివాళ్ళు చేరారు. ట్రేసీ సంచీ దులిపి, ముఖాలు తిప్పి, ముద్రలు వేసింది. ఈసారి నెమ్మదిగా, స్టాంపుల మీద. దొంతి ఎత్తి పట్టుకుంది. షెహజాది వెనక గదిలోంచి వచ్చి దాన్ని అందుకుంది. చున్నీ చెవుల వెనక్కి దోపుకుని, దొంతిని ముంజేతి మీద ఆనించుకుని, గూళ్ళ ముందు నిలబడింది.

గుమ్మం దగ్గర లిండా లోపలికి పొమ్మని చెయ్యి ఊపింది. షెహజాది చూసింది, చూపు తిప్పుకుంది. మొదటి ఉత్తరం విసిరింది. రెండోది. మూడోది. ఉత్తరాలు గూళ్ళలో పడుతున్న చప్పుడు వాన మొదలైనట్టుంది. గదిలో గుసగుసలు ఆగాయి. లిండా తాడు పక్కనుంచి ముందుకొచ్చి, పళ్ళ మధ్యనుంచి, "షెజ్, లోపలికెళ్ళు. ఇప్పుడే," అంది.

"పని మధ్యలో ఉన్నాను," అంది షెహజాది, అందరికీ వినబడేలా. చెయ్యి ఆగలేదు. చేతిలో కోపం ఉంది. ఒక్కో ఉత్తరం గూటి వెనక చెక్కకు తగిలి టక్కుమంటోంది. ఒక్కటి కూడా గురి తప్పలేదు.

కుర్చీ జరిగిన చప్పుడైంది. రాన్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆమె ముఖంలోకి చూడలేదు. నిండిన గూట్లోంచి ఉత్తరాలు తీసి, పైన ఊరిపేరు చీటీ పెట్టి, దారం చుట్టడం మొదలుపెట్టాడు. లిండా ఆయన్ని కూడా ఏదో అనబోయి, జనాన్ని చూసి ఊరుకుంది.

అంతా అయ్యాక జనం వెళ్ళిపోయేదాకా ఆగి లిండా వచ్చింది. మెడ మీద ఎర్రమచ్చలు తేలాయి.

"కమిటీ చెప్పింది నువ్వు లెక్కచెయ్యలేదు. మంచి రోజును పాడుచేశావు."

"పొద్దున చూపించింది మొదటినుంచి చివరిదాకా తప్పు, లిండా. నేనే తప్పు నేర్పాను. మీలో ఒక్కరికైనా తెలిసిందా?"

లిండా ఒక్క క్షణం తడబడింది. "చూడ్డానికి చక్కగా ఉంది. వచ్చినవాళ్ళకి కావాల్సింది అదే."

"అంటే ఎలా ఉండేదో అలా చూపించడం కాదన్నమాట. నన్ను లోపల కూర్చోబెట్టింది ఎందుకో ఇప్పుడు చెప్పండి. ఆ మాట మీ నోటితో వినాలి."

లిండా ట్రేసీ వైపు చూసింది, రాన్ వైపు చూసింది.

"చెప్పు లిండా," అన్నాడు రాన్. గొంతు బొంగురుగా ఉంది. "ఆ కమిటీ మీటింగులో నేనూ ఉన్నాగా, నువ్వే చెప్పావుగా. మేమంతా విని నోరు మూసుకు కూర్చున్నాంగా. ఆ అమ్మాయికీ చెప్పు."

లిండా తాళాల గుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు," అనేసి గబగబా వెళ్ళిపోయింది.

షెహజాది పెరట్లో కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ట్రేసీ వచ్చింది. వేషం విప్పేసి జీన్సులో ఉంది. "నాకు ఈ పని కావాలి. నీతోపాటు మానెయ్యలేను," అంది.

"మానెయ్యమని నేనడిగానా? ఊరిపేర్లు నేర్చుకో. రోజూ ఒక వరస."

ట్రేసీ తలూపింది. క్షమించానని అనలేదు. షెహజాది కూడా ఆ మాట ఆశించలేదు.

వీధిలో నిస్సార్ పాత కరోలా కారు ఆపుకుని ఉన్నాడు. బడి వదిలాక అఫీఫాను ఎక్కించుకుని వచ్చినట్టున్నాడు, వెనక సీట్లో పాప నిద్రపోతోంది. షెహజాది ముందు తలుపు తీసి కూర్చుంది. సోమవారం ఆ గొడవ అయ్యాక ఇద్దరి మధ్యా ఉప్పు అందుకో, పప్పు అందుకో తప్ప మాటల్లేవు.

"ఆ రోజు మిమ్మల్ని అట్టా అనకూడదు," అంది.

"నిజమే గదా అన్నావు." ఆయన తాళంచెవి తిప్పబోయి ఆమె ముఖం చూసి ఆగాడు. "ఏమైంది?"

"పని పోయిందండీ."

నిస్సార్ తాళంచెవి వదిలేశాడు. "పాప చెప్పింది. కావాలని తప్పు నేర్పావంటగా. అందుక్కాదూ?"

"అందుక్కాదు." ఆమె గొంతు పెరిగింది. "తప్పు చేసినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా చేశాక పొమ్మన్నారు."

నిస్సార్‌కు నవ్వు వచ్చింది. ఆపుకోబోయాడు కానీ ఆగలేదు. స్టీరింగు మీద నుదురు ఆనించి భుజాలు ఊగేలా నవ్వాడు. షెహజాది నవ్వలేదు. ఆయన నవ్వు ఆగేదాకా చూసి, సీటు బెల్టు లాగి పెట్టుకుంది.

"పదండి," అంది.